కోర్టులో కేసు ముగిసింది, మరి లెక్క ముగిసిందా?

రోడ్డు ప్రమాదంలో ప్రాణం పోతే షరీఅత్ ఏమంటుంది?

కొంతకాలం క్రితం ఇషా నమాజు తర్వాత ఒక యువకుడు మస్జిదులో మా పక్కనే కూర్చుండిపోయాడు. నమాజీలందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, తల వంచుకొని అడిగాడు: "హజ్రత్, నా చేతిలో ఒక మనిషి ప్రాణం పోయింది. కేసు అయిపోయింది. ఇన్సూరెన్సు డబ్బు కూడా వాళ్ళకు వచ్చింది. ఇంకా నా మీద ఏమైనా మిగిలి ఉందా?"

విషయం ఇదీ. అతను వేరుశనగ మూటలు వేసుకొని టెంపో నడుపుకుంటూ వస్తున్నాడు. మగ్రిబ్ వేళ. జీవాలు తోలుకొని ఒకతను రోడ్డు దాటుతున్నాడు. వేగం అదుపులోకి రాలేదు. బండి ఆ మనిషికి తగిలింది. యువకుడు భయపడి బండి ఆపకుండా వచ్చేశాడు. చాలాసేపటికి ఎవరో చూసి ఆసుపత్రికి తీసుకుపోతే దారిలోనే ప్రాణం పోయింది. మన యువకుడికి లైసెన్సు లేదు. బండి యజమాని అతన్ని ఊరికి పంపేసి, లైసెన్సు ఉన్న మరో డ్రైవరును స్టేషనుకు పంపాడు. ఆ డ్రైవరుకు కొంత డబ్బు ముట్టింది. చనిపోయిన వ్యక్తికి భార్య, ఇద్దరు చిన్న పిల్లలు. ఆయన అన్న పెద్దమనుషుల ముందు రాజీ కాగితం మీద సంతకం పెట్టాడు. అంతటితో అందరూ "అయిపోయింది" అన్నారు.

"అందరికీ అయిపోయింది హజ్రత్, నాకే కాలేదు. ఇప్పటికీ నిద్రలో జీవాల మెడ గంటలు వినిపిస్తుంటాయి" అన్నాడతను.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. గ్రంథాలు చూసి, పెద్ద ముఫ్తీలను సంప్రదించి, వారం తర్వాత రమ్మన్నాము. అతనికి చెప్పిన జవాబు అతనొక్కడికే సంబంధించినది కాదనిపించి, ఎవరో పోల్చుకొనే వీలులేకుండా ఇక్కడ రాస్తున్నాము. స్టీరింగు పట్టే ప్రతి సోదరుడూ, కొడుకు చేతికి బండి తాళాలిచ్చే ప్రతి తండ్రీ చదవవలసిన విషయమిది.

మన జిల్లా, మన రోడ్లు

వానలు లేని ఈ మెట్టనేల మీద బతుకు రోడ్డు మీదే నడుస్తుంది. పంట పోతే కూలికి ఆటో ఎక్కాలి, వలసకు బెంగళూరు బస్సు ఎక్కాలి, మేత కోసం జీవాలను రోడ్డు దాటించాలి. హైదరాబాదు - బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి గుత్తి, పామిడి, అనంతపురం, పెనుకొండ మీదుగా పోతోంది.

2015 జనవరి 7న పెనుకొండ దగ్గర ఆర్టీసీ బస్సు లోయలో పడి విద్యార్థులతో సహా ఎంతోమంది చనిపోయారు. 2022 ఫిబ్రవరి 6న బళ్ళారిలో పెళ్ళి చూసుకొని కారులో తిరిగివస్తున్న 9 మంది బూదగవి దగ్గర లారీ ఢీకొని మరణించారు. 2024 నవంబరు 23న గార్లదిన్నె మండలం తలగాసిపల్లె దగ్గర ఆర్టీసీ బస్సు, ఆటో ఢీకొన్నప్పుడు పుట్లూరు మండలం ఎల్లుట్ల గ్రామపు కూలీలు ప్రాణాలు కోల్పోయారు. ఈ సంఘటనల్లో తప్పెవరిదో తేల్చడం మా పని కాదు. అది విచారణాధికారుల, న్యాయస్థానాల పని. దేశం మొత్తం మీద 2022లో ఒక్క ఏడాదిలోనే రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క చెబుతోంది. ఆ మరణాల్లో ఎక్కువ భాగానికి కారణం మితిమీరిన వేగం.

ఇలాంటి ప్రతి సంఘటన తర్వాత మన నోట వచ్చే మాట "తఖ్దీర్". నిస్సందేహంగా మరణం అల్లాహ్ నిర్ణయమే. అయితే తఖ్దీర్ మీద విశ్వాసం మన బాధ్యతను తుడిచివేయదు. తుడిచివేసేదే అయితే పొరపాటున జరిగిన హత్యకు దివ్యఖుర్ఆన్ పరిహారం నిర్ణయించేదే కాదు.

దివ్యఖుర్ఆన్ నిర్ణయం

అన్నిసా సూరా 92వ ఆయతు ఈ విషయంలో మూలాధారం. దాని సారాంశం ఇది: విశ్వాసి మరో విశ్వాసిని చంపడమన్నది పొరపాటున తప్ప జరగకూడదు. పొరపాటున చంపినవాడు విశ్వాసి అయిన ఒక బానిసను విముక్తి చేయాలి, మృతుని కుటుంబానికి రక్తపరిహారం చెల్లించాలి. కుటుంబం వారు దానిని దానంగా వదిలేస్తే అది వేరు. మృతుడు మీతో ఒడంబడిక ఉన్న జాతికి చెందినవాడైనా అతని కుటుంబానికి పరిహారం చెల్లించాలి, బానిసనూ విముక్తి చేయాలి. ఆ స్తోమత లేనివాడు వరుసగా రెండు నెలలు ఉపవాసాలుండాలి. ఇది అల్లాహ్ ముందు పశ్చాత్తాపపడే పద్ధతి.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, పొరపాటు అన్నంత మాత్రాన "ఏమీ లేదు పో" అని అల్లాహ్ వదలలేదు. రెండు, అల్లాహ్ హక్కును, మనుషుల హక్కును వేర్వేరుగా చెప్పాడు. ఉపవాసం ఉన్నందువల్ల పరిహారం తీరదు. డబ్బు కట్టినందువల్ల ఉపవాసం తీరదు.

ఉహద్ యుద్ధం నాటి సంఘటన ఒకటి చూడండి. గందరగోళంలో ముస్లిములే పొరపాటున హజ్రత్ హుజైఫా (రజి) గారి తండ్రి యమాన్ (రజి) గారిని చంపేశారు. కొడుకు "మా నాన్న, మా నాన్న" అని అరుస్తూనే ఉన్నారు. దైవప్రవక్త (స) ఆ మరణానికి రక్తపరిహారం ఇవ్వదలచారు. హజ్రత్ హుజైఫా (రజి) ఆ సొమ్మును ముస్లిముల కోసమే దానం చేసేశారు, తండ్రిని చంపినవారి మన్నింపు కోసం దుఆ చేశారు. యుద్ధరంగంలో, పూర్తి అమాయకంగా జరిగిన పొరపాటుకే పరిహారం ప్రస్తావన వచ్చిందంటే, సెల్‌ఫోను చెవిదగ్గర పెట్టుకొని బండి నడిపినవాడు "పొరపాటు" అని ఎలా తప్పించుకోగలడు?

ధర్మశాస్త్రంలో ఈ మరణం ఏ కోవకు వస్తుంది?

హనఫీ ధర్మవేత్తలు హత్యను అయిదు రకాలుగా విభజించారు. ఉద్దేశపూర్వక హత్య, దానిని పోలిన హత్య, పొరపాటు హత్య, పొరపాటు లాంటి హత్య, కారణమై జరిగిన హత్య. మన చర్చకు చివరి మూడూ ముఖ్యం.

మూడవది 'ఖత్లె ఖతా'. వేటకు బాణం వేస్తే మనిషికి తగలడం దీనికి ఉదాహరణ. డ్రైవరు బండి తగిలి మనిషి చనిపోవడం సాధారణంగా ఈ కోవలోకే వస్తుంది.

నాలుగవదానికి ధర్మవేత్తలు ఇచ్చిన ఉదాహరణ నిద్రపోతున్నవాడు దొర్లి పక్కనున్న మనిషి మీద పడగా అతను చనిపోవడం. తెల్లవారుజామున స్టీరింగు మీద కునికిన డ్రైవరుకు ఇది ఎంత సరిగ్గా సరిపోతుందో చూడండి. "నిద్ర పట్టేసింది, నాకు తెలియదు" అనే మాట అతన్ని బాధ్యత నుంచి తప్పించదు. ఈ హత్యకూ పరిహారం, ఉపవాసం రెండూ ఉన్నాయి.

అయిదవది, స్వయంగా చంపకపోయినా మరణానికి దారి ఏర్పరచడం. తనది కాని చోట గొయ్యి తవ్వడం, దారిలో రాయి పెట్టడం ఉదాహరణలు. ఇక్కడ పరిహారం ఉంది. హనఫీ మస్లక్ ప్రకారం రెండు నెలల ఉపవాసం మాత్రం లేదు.

మన పల్లెల్లో కొర్రలు, ఉలవలు, రాగి కోసి తారు రోడ్డు మీద పరుస్తాము. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని ఆశ. బండ్లు పక్కకు జరగాలని అంచున రాళ్ళు, ముళ్ళకంపలు పెడతాము. రాత్రి బైకు మీద వచ్చినవాడు ఆ రాయికి తగిలి పడి చనిపోతే రాయి పెట్టినవాడి మీద బాధ్యత ఉంది. టైరు కింద చెక్కగా పెట్టిన రాయిని రోడ్డు మధ్యలోనే వదిలి వెళ్ళిపోయిన లారీ డ్రైవరుదీ ఇదే స్థితి. దారిలోని హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖల్లో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. తొలగించడమే ఈమాన్ అయినప్పుడు, తెచ్చి పెట్టడం ఏమవుతుందో ఆలోచించాలి.

దారి మన హక్కే, ఒక షరతు మీద

క్రీ.శ. 1197లో మరణించిన ఇమామ్ మర్గీనానీ (రహ్మతుల్లాహ్ అలైహ్) రాసిన 'హిదాయా' గ్రంథం మన మదర్సాలన్నింటిలో బోధిస్తారు. అందులో రక్తపరిహారాల భాగంలో జంతువుల వల్ల జరిగే హాని గురించి ప్రత్యేక అధ్యాయం ఉంది. ఆనాటి గుర్రం, ఒంటె స్థానంలో నేటి బైకు, లారీ వచ్చాయి. కనుక ఆ అధ్యాయం నేటికీ మనకు దారి చూపుతుంది.

అందులోని మూలసూత్రం ఇది: బహిరంగ మార్గంలో వెళ్ళడం ప్రతి ఒక్కరికీ అనుమతించబడింది, కాని ఇతరుల క్షేమానికి భంగం కలగరాదన్న షరతు మీద. ఎందుకంటే దారి అందరిదీ. అందువల్ల స్వారీ జంతువు తొక్కినా, తలతో కుమ్మినా, కరిచినా స్వారీ చేసేవాడిదే బాధ్యత. నడుస్తున్న జంతువు వెనుకకాలితో తన్నితే మాత్రం బాధ్యత లేదు. ఎందుకంటే నడిపిస్తూ దానిని కాచుకోవడం సాధ్యం కాదు. కాని అదే జంతువును దారి మధ్య నిలబెట్టి ఉంచితే, ఆ తన్నుకు కూడా అతనే బాధ్యుడు. నిలబెట్టకుండా ఉండడం అతని చేతిలోని పనే కదా! రాత్రివేళ వెనుక లైటు లేకుండా రోడ్డు మీద లారీ ఆపి ఢాబాలోకి వెళ్ళే సోదరులు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి.

1993 జూన్‌లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ ట్రాఫిక్ ప్రమాదాల మీద తీర్మానం చేసింది. షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నియమాలను పాటించడం షరీఅత్ రీత్యా కూడా వాజిబ్ అని ప్రకటించింది. బండి వల్ల ఇతరులకు జరిగిన నష్టానికి డ్రైవరే బాధ్యుడని చెప్పింది. అతను తప్పించుకోలేని బలవత్తరమైన విపత్తు వచ్చినప్పుడు, ప్రమాదం ఇంకొకరి తప్పు వల్ల జరిగినప్పుడు, లేదా బాధితుడే తప్పు చేసినప్పుడు మినహాయింపులున్నాయి. ఇద్దరి తప్పూ ఉంటే బాధ్యత ఇద్దరి మీదా పడుతుంది. కనుక ఎర్ర లైటు దాటడం, ముగ్గురు బైకు ఎక్కడం, లైసెన్సు లేకుండా నడపడం "ఉత్త ప్రభుత్వ నియమం, దీన్‌కు సంబంధం లేదు" అనుకోవడం అజ్ఞానం.

మొదటి లెక్క: అల్లాహ్ హక్కు

పొరపాటున హత్య చేసినవాడి మీద మొదట కఫ్ఫారా ఉంది. బానిస వ్యవస్థ నేడు లేదు. కనుక రెండు నెలలు వరుసగా ఉపవాసాలుండాలి. చాలామంది "అరవై మందికి అన్నం పెట్టేస్తాను" అంటుంటారు. ఇతర కఫ్ఫారాల్లో ఉన్న ఆ వెసులుబాటు ఈ ఆయతులో లేదు. హనఫీ మస్లక్‌లోనూ లేదు.

చాంద్రమాన నెల మొదటి తేదీన మొదలుపెడితే రెండు నెలలు పూర్తిచేయాలి, నెలకు 29 రోజులే వచ్చినా సరే. నెల మధ్యలో మొదలుపెడితే 60 రోజులు లెక్కపెట్టాలి. మధ్యలో ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటి నుంచి ఉండాలి. స్త్రీలకు నెలసరి రోజులు మాత్రం మినహాయింపు. మధ్యలో రమజాను గాని, రెండు పండుగలు గాని, బక్రీదు తర్వాతి మూడు రోజులు గాని రాకుండా చూసుకోవాలి. మన ఎండల్లో మూటలు మోసే కూలి చలికాలాన్ని ఎంచుకోవచ్చు. అయితే "చూద్దాం" అంటూ ఏళ్ళు గడపరాదు. మరణం ఎవరికీ ముందుగా చెప్పి రాదు. ఒకే ప్రమాదంలో ఇద్దరు చనిపోతే రెండు కఫ్ఫారాలు.

మరో విషయం చాలామందికి తెలియదు. హనఫీ మస్లక్ ప్రకారం నేరుగా చంపినవాడు, పొరపాటున అయినా, మృతుని వారసత్వం కోల్పోతాడు. తండ్రిని బైకు వెనుక కూర్చోబెట్టుకొని వేగంగా పోయి ఆయన మరణానికి కారకుడైన కొడుకు విషయంలో ఈ ప్రశ్న వస్తుంది. అలాంటి సందర్భంలో ఆస్తి పంచుకునే ముందు తప్పనిసరిగా ముఫ్తీని అడగాలి.

రెండో లెక్క: వారసుల హక్కు

రక్తపరిహారాన్ని దియత్ అంటారు. దాని పరిమాణం నూరు ఒంటెలు, లేదా 1000 దీనార్ల బంగారం, లేదా హనఫీ మస్లక్ ప్రకారం 10,000 దిర్హముల వెండి. ఉపఖండపు ఉలమాల లెక్కలో ఆ వెండి సుమారు 30 కిలోల 618 గ్రాములు. ఒక మనిషి ప్రాణానికి ఇది వెల కాదు. ప్రాణానికి వెల లేదు. అనాథలైనవారికి ఆసరా, నిర్లక్ష్యానికి కళ్ళెం.

ఈ భారం డ్రైవరు ఒక్కడే మోయాలని షరీఅత్ అనలేదు. 'ఆఖిలా', అంటే అతనికి అండగా నిలిచే బంధువర్గం, మూడేళ్ళలో చెల్లించాలి. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఒకే దఫ్తరులో పేర్లున్న సైనికులే ఒకరికొకరు ఆఖిలాగా నిర్ణయించబడ్డారు. దీని ఆధారంగానే, ఒకే వృత్తిలో ఉన్నవారు, ఒకే సంఘంలోనివారు కూడా ఆఖిలా కాగలరని నేటి ఉలమాలు చెబుతున్నారు. మన లారీ, ఆటో సోదరుల సంఘాలు దీని గురించి ఆలోచించాలి. ఆఖిలా లేనిచోట ఆ బాధ్యత డ్రైవరు మీదే ఉంటుంది.

మన రాయలసీమ నుంచి గల్ఫ్ వెళ్ళి డ్రైవర్లుగా పనిచేసేవారు ఎందరో ఉన్నారు. సౌదీ అరేబియాలో 2011 నుంచి పొరపాటు మరణానికి దియత్ 3 లక్షల రియాళ్ళు. అది వారికి బాగా తెలుసు. అక్కడ అంత జాగ్రత్తగా నడిపిన సోదరుడే ఇక్కడికి రాగానే "మన ఊరే కదా" అనుకుంటే, అతను భయపడింది రియాళ్ళకే గాని అల్లాహ్‌కు కాదని అర్థం.

మృతుడు ముస్లిమేతరుడైతే? ఈ ప్రశ్న మమ్మల్ని చాలామంది అడుగుతారు. ఒడంబడిక గల జాతి గురించి ఆయతు స్పష్టంగా చెప్పింది. ముస్లిం పాలనలో రక్షణ పొందిన ముస్లిమేతరుని దియత్ ముస్లిం దియత్‌తో సమానమని ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహ్ అలైహ్) మస్లక్. మనం ఈ దేశంలో తోటి పౌరులతో ఒడంబడిక మీద జీవిస్తున్నాము. కనుక జీవాలు కాసుకునే మన పక్క ఊరి మనిషి ప్రాణానికి తక్కువ విలువ లేదు, అతని భార్యా పిల్లల హక్కుకూ తక్కువ విలువ లేదు.

ఇన్సూరెన్సు లేదా కోర్టు ద్వారా వచ్చిన సొమ్ము దియత్ అవుతుందా? వయసు వచ్చిన వారసులు ఆ సొమ్మును తమ హక్కుగా అంగీకరించి, మిగిలినది మనస్ఫూర్తిగా వదిలేస్తే ఒప్పందం కుదిరినట్లే. 'మనస్ఫూర్తిగా' అన్న మాట ముఖ్యం. పదిమందిని వెంటేసుకొని వెళ్ళి, పేదవాడి ముందు నోట్లు పరిచి, "కోర్టుకు పోతే పదేళ్ళు పడుతుంది" అని బెదిరించి తీసుకున్న సంతకం మన్నింపు కాదు.

చిన్నపిల్లల హక్కును క్షమించే అధికారం వారి పెదనాన్నకు లేదు, తాతకు లేదు, తల్లికి కూడా లేదు. అనాథల సొమ్ము తినేవారు కడుపుల్లో నిప్పు నింపుకుంటున్నారని అన్నిసా సూరా హెచ్చరిస్తోంది. రాజీ పేరుతో వారి హక్కు ఎగ్గొట్టినవాడూ ఆ హెచ్చరికకు భయపడాలి.

వితంతువు హక్కు గురించి కూడా ఒక మాట. దియత్‌లో భార్యకు వాటా లేదని హజ్రత్ ఉమర్ (రజి) మొదట భావించారు. అష్యమ్ జిబాబీ (రజి) గారి భార్యకు ఆయన దియత్‌లో వాటా ఇవ్వమని దైవప్రవక్త (స) తనకు రాయించి పంపారని జహ్హాక్ బిన్ సుఫ్యాన్ (రజి) తెలియజేయగా, హజ్రత్ ఉమర్ (రజి) తన అభిప్రాయం మార్చుకున్నారు. ఖలీఫా అంతటివారు తలవంచిన ఆదేశం ఇది. కోడలి పేర వచ్చిన పరిహారం చెక్కును అత్తింటివారు లాక్కోవడం మనం చూస్తూనే ఉన్నాము.

మూడో లెక్క: దేశ చట్టం

నిర్లక్ష్యంగా నడిపి మరణానికి కారకుడైతే భారత శిక్షాస్మృతి 304-ఏ సెక్షను కింద రెండేళ్ళ వరకు జైలు ఉండేది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షను దానిని అయిదేళ్ళ వరకు పెంచింది, జరిమానా కూడా ఉంది. ప్రమాదం జరిగిన రోజున అమల్లో ఉన్న చట్టమే వర్తిస్తుంది. ప్రమాదం చేసి, ఎవరికీ తెలియజేయకుండా పారిపోతే పదేళ్ళ వరకు శిక్ష అని అదే సంహిత 106(2)లో రాశారు. రవాణా కార్మికుల సమ్మె తర్వాత ఆ ఒక్క భాగాన్ని జూలై 1న మిగతావాటితోపాటు అమలులోకి తేలేదు. అంతమాత్రాన పారిపోవడం నేరం కాకుండా పోలేదు. గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం, 24 గంటల్లో పోలీసులకు తెలపడం డ్రైవరు విధి అని 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను చెబుతోంది. మైనరు నడిపి ప్రమాదం చేస్తే అతని తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ళ జైలు, 25,000 రూపాయల జరిమానా అని 2019లో చేర్చిన 199-ఏ సెక్షను హెచ్చరిస్తోంది.

ఈ నేరం ఊరి పెద్దమనుషుల రాజీతో రద్దయ్యేది కాదు. పంజాబుకు చెందిన ఒక కేసులో ఇద్దరు మరణించగా, పరిహారం చెల్లించాడన్న కారణంతో హైకోర్టు శిక్షను అప్పటికే గడిపిన కొద్ది రోజులకు తగ్గించింది. 2015 మార్చిలో సుప్రీంకోర్టు దానిని అంగీకరించలేదు. శిక్షను ఆరు నెలలుగా నిర్ణయించింది. డబ్బు శిక్షకు ప్రత్యామ్నాయం కాదన్నదే అందులోని పాఠం. షరీఅత్ రెండు హక్కుల్ని వేరుగా ఉంచిందని మేము పైన రాసినదానికి ఇది దూరం కాదు.

డ్రైవరును మార్చడం

ఇక మా యువకుని విషయంలో అన్నింటికంటే బరువైనది ఇదే. అబద్ధపు సాక్ష్యాన్ని దైవప్రవక్త (స) ఘోర పాపాల్లో లెక్కించారు. ఇక్కడ యజమాని అబద్ధం ఆడించాడు, డబ్బు తీసుకున్నవాడు ఆడాడు, యువకుడు మౌనంగా దాని నీడలో దాక్కున్నాడు.

"అలా చేయకపోతే ఆ కుటుంబానికి ఇన్సూరెన్సు రాదు కదా" అని ఇలాంటి చోట్ల వాదిస్తారు. ఇది చాలావరకు నిజం కాదు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, డ్రైవరుకు లైసెన్సు లేకపోయినా మూడో పక్షానికి ముందు కంపెనీ చెల్లించి, ఆ తర్వాత బండి యజమాని నుంచి రాబట్టుకొనేలా కోర్టులు ఆదేశిస్తూ వచ్చాయి. అంటే ఆ అబద్ధం కాపాడింది వితంతువును కాదు, యజమాని జేబును.

అతనికి మేము చెప్పినది

వారం తర్వాత అతను వచ్చాడు. నాలుగు మాటలు చెప్పాము.

మొదటిది, నిజమైన తౌబా చేసి, రెండు నెలలు వరుసగా ఉపవాసాలుండు. రెండవది, పిల్లల హక్కు రాజీతో పోలేదు. నీ స్తోమత కొద్దీ నెలనెలా వారి పేర జమ చెయ్యి. వారు పెద్దవారైన తర్వాత వారినే అడుగు, క్షమిస్తారో మిగిలినది కోరతారో వారి ఇష్టం. యజమానికి కూడా ఈ మాట చేరవెయ్యి. మూడవది, ఒక మంచి వకీలును కలిసి నిజాన్ని న్యాయస్థానం ముందు పెట్టే మార్గం అడుగు. శిక్ష పడవచ్చు. పడదని మేము నీకు మాట ఇవ్వలేము. తన పాపాన్ని గుట్టుగా ఉంచుకోవడం అల్లాహ్‌కు, దాసునికి మధ్య విషయాల్లో సరే. ఇతరుల హక్కు ఇరుక్కున్నచోట దాచుకోమని ఫత్వా ఇచ్చే అధికారం మాకు లేదు. నాలుగవది, ఆ ఇంటికి వెళ్ళు.

అతను జమాదిల్ అవ్వల్ నెలవంక చూసి ఉపవాసాలు మొదలుపెట్టాడు. వకీలును కలిశాడు. ఇరు ఊళ్ళ పెద్దలతో కలిసి మేమూ అతని వెంట ఆ ఇంటికి వెళ్ళాము. ఆ తల్లి తిట్టలేదు, ఏడవలేదు. ఒక్కటే అడిగింది: "ఎందుకప్పా, బండి ఎందుకు నిలపలేదు? నిలిపింటే బతికేటోడేమో కదా?"

ఆ ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేదు. మా దగ్గరా లేదు. 304-ఏ గురించి, 106 గురించి, దియత్ వెండి తూకం గురించి మేము చదివినదంతా ఆ గుమ్మం ముందు చిన్నదైపోయింది. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు మానవాళినంతటినీ కాపాడినట్లేనని అల్‌మాయిదా సూరా 32వ ఆయతు చెబుతోంది. ఆ అవకాశం అతనికి ఆ సాయంత్రం కొద్ది నిమిషాలపాటు ఉండింది.

కనుక సోదరులారా! ప్రమాదం జరిగితే ముందు బండి ఆపండి. 108కి ఫోను చేయండి. జనం కొడతారన్న భయం ఉంటే దగ్గరలోని పోలీసు స్టేషనుకు వెళ్ళి చెప్పండి, కాని మనిషిని రోడ్డు మీద వదిలి ఇంటికి రాకండి. దారిన పోయేవారు కూడా "మనకెందుకు కేసు" అని తప్పుకోకండి. గాయపడినవారికి సాయం చేసినవారిని వేధించకుండా 134-ఏ సెక్షను రక్షణ ఇస్తోంది. 2025 మే నెలలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం క్షతగాత్రులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స అందుతుంది.

తండ్రులారా! లైసెన్సు లేని కొడుకు చేతికి ముద్దుగా తాళాలివ్వకండి. యజమానులారా! నిద్రలేని డ్రైవరును "తెల్లారేసరికి బెంగళూరు చేరాలి" అని తరమకండి. దైవప్రవక్త (స) అరఫాత్ నుంచి తిరిగివచ్చేటప్పుడు వెనుక ఒంటెలను కొడుతూ తోలుతున్న చప్పుడు విని, నెమ్మది పాటించమని, పుణ్యం పరుగులో లేదని బోధించారు. హజ్ ప్రయాణంలోనే తొందర పుణ్యం కానప్పుడు, టమోటా లోడుకు, పెళ్ళి విందుకు తొందర ఎందుకు?

కోర్టులో కేసు ఒకనాటికి ముగుస్తుంది. కాగితాలు అటకెక్కుతాయి. కాని ప్రళయదినాన మనుషుల మధ్య తీర్పుల్లో మొట్టమొదట తేల్చబడేది రక్తం లెక్కే అని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఆ లెక్కను ఇక్కడే, ఊపిరి ఉండగానే సరిచేసుకోవడం వివేకవంతుల పని.

అల్లాహ్ మనందరికీ ఇతరుల ప్రాణాల విలువ తెలిసి నడుచుకునే సద్బుద్ధిని ప్రసాదించుగాక! రోడ్ల మీద ఆప్తులను పోగొట్టుకున్న ప్రతి కుటుంబానికీ సహనాన్ని, ఆసరాను అనుగ్రహించుగాక! ఆమీన్.